పిక్క, బప్

వియత్నాంలో నేను అద్దెకున్న ఇంటావిడ యీ బా పోయి మొన్నటికి ఏడాది అయింది. వాళ్ళ అమ్మాయి నా ఫోన్‌కి ఒక ఫోటో పంపింది. గోడవారగా పెద్దల పీఠం, దాని మీద ఆవిడ ఫోటో, అగరుకడ్డీలు, అన్నం, కూరలు, పళ్ళు. ఒక పక్కగా పళ్ళెంలో ఉడికించిన మొక్కజొన్న పొత్తులు. పై ఆకులు పూర్తిగా వలిచెయ్యకుండా వెనక్కి మడిచి పెట్టారు. ఆవిడ అమ్మేటప్పుడు అలాగే పెట్టేది. వియత్నాంలో ఏటేటా పోయినవాళ్ళ రోజున చుట్టాలందరినీ పిలిచి, పోయినవాళ్ళకి ఇష్టమైనవి వండి, ముందు పీఠం మీద పెట్టి, కడ్డీలు కాలాక అందరూ కూర్చుని తింటారు. మన తద్దినానికి దగ్గరగానే ఉంటుంది గానీ అక్కడ కబుర్లూ నవ్వులూ ఎక్కువ.

ఫోటో కింద ఆ అమ్మాయి మూడు మాటలు రాసింది. 'బప్ కువా మా'. అమ్మ మొక్కజొన్న అని. అక్కడి దక్షిణాదిలో అమ్మని 'మా' అంటారు.

ఆ రోజంతా నాకు ఏ పని మీదా మనసు నిలవలేదు. బప్ అంటే మొక్కజొన్న. బప్ అంటే ఒంట్లో కండ కూడా. కాలి వెనక పిక్క, జబ్బ కండ, తొడ కండ అన్నిటికీ ముందు బప్ చేర్చి చెబుతారు. అరటిపువ్వుకీ, క్యాబేజీకీ అదే మాట. ఇన్ని అర్థాలున్న ఆ ఒక్క మాటా నాకు యీ బా నేర్పింది. మొక్కజొన్న పొత్తులు ఉడకబెట్టి, సైకిల్ మీద తిరిగి అమ్మి, ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి ఆవిడ.

*

మాది పలాస దగ్గర, ఉద్దానంలో ఒక ఊరు. మా వైపు పుట్టినవాళ్ళకి జీడితో ఏదో ఒక లంకె ఉంటుంది. తోట లేకపోతే బట్టీలో పని, అదీ లేకపోతే బస్తాల బేరం. నాకు బేరం అబ్బింది. 2006లో జీడిపప్పు ఎగుమతిలో వియత్నాం మన దేశాన్ని దాటి ముందుకెళ్ళింది. ఆ తర్వాత కొన్నేళ్ళకి ఒక వ్యాపార సంస్థ నన్ను అక్కడికి పంపింది. సరుకు చూడడం నా పని. గోదాములో బస్తాల్లోంచి కొంచెం కొంచెం పిక్కలు తీసి కలిపి, కోసి, 80 కిలోల బస్తాకి ఎన్ని పౌన్ల పప్పు దిగుతుందో లెక్క కట్టాలి. తయారైన పప్పులో పౌనుకి ఎన్ని గుళ్ళు, అంటే విరగని పప్పులు, తూగుతున్నాయో చూడాలి. 240 రకమంటే పౌనుకి 220 నుంచి 240 గుళ్ళు, 320 రకమంటే 300 నుంచి 320. ఆ 80 కిలోల బస్తా లెక్క చూసి నాకు భలే సంతోషమేసింది. ఉద్దానం రైతు కూడా తన పిక్కల ధర 80 కిలోల బస్తాకే అడుగుతాడు మరి.

నేనున్న ఊరి పేరు డోంగ్ స్వాయ్. మామిడి పొలం అని ఆ పేరుకి అర్థం. అప్పట్లో బిన్ ఫూక్ అనే ప్రావిన్స్‌కి అది ముఖ్యపట్టణం. సైగాన్ నుంచి బస్సులో ఉత్తరానికి వెళ్తుంటే ఊళ్ళు పలచబడి, నేల ఎర్రబడి, ఎటు చూసినా వరసలు తీరిన రబ్బరు చెట్లు కనిపిస్తాయి. ఇంకా పైకి, బూ డాంగ్ వైపు వెళ్తే జీడితోటలు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అక్కడ పిక్క రాలుతుంది. రాలిన పళ్ళు ఎండకి పులిసి ఒక వాసన వేస్తాయి, తియ్యగా, కాస్త మత్తుగా. మొదటిసారి తోటలోకి వెళ్ళి ఆ వాసన పీల్చగానే కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ ఎర్రమట్టిలో నిలబడి మా తాత కోసం వెతుక్కున్నాను.

అక్కడ జీడిని డియెవ్ అంటారు. దక్షిణాదిలో పాతకాలం వాళ్ళు 'దావ్ లోన్ హోత్' అనేవారు, గింజ తలకిందులైన పండు అని. పండుకి బయట వేలాడే పిక్కని చూసి పెట్టిన పేరు అది.

యీ బా ఇంటి వెనక గది నాకు అద్దెకిచ్చారు. యీ అంటే పిన్ని, బా అంటే మూడు. ఆ వైపు ఇంట్లో తొలిబిడ్డని 'రెండు' అని పిలుస్తారు, మలిబిడ్డని 'మూడు' అని. అందువల్ల రెండో సంతానమైన ఆవిడ వీధి మొత్తానికి మూడో పిన్ని అయింది. పెద్దత్త, నడిపత్త, చిన్నత్త అంటూ పెరిగినవాణ్ణి కాబట్టి ఆ పిలుపు నాకు తొందరగానే అలవాటైంది. నన్ను ఆవిడ 'కోన్' అనేది. బిడ్డ అని. ఆ భాషలో సొంతవాళ్ళ మధ్య నేను, నువ్వు అనే మాటలు పెద్దగా వినిపించవు. 'బిడ్డ అన్నం తిన్నాడా?' 'బిడ్డ తిన్నాడు, పిన్ని తిన్నదా?' అనే అడుగుతారు, చెబుతారు. దేశం కాని దేశంలో రోజూ సాయంత్రం గుమ్మం దగ్గర ఎవరో ఒకరు బిడ్డా అని పలకరిస్తే మనిషికి ఎంత బలమో నాకు తెలుసు.

*

ఆవిడ రోజు చీకటితో మొదలయ్యేది. కోళ్ళు కూసేలోపే వెనక పెరట్లో కట్టెల పొయ్యి అంటుకునేది. అడుగున మొక్కజొన్న ఆకులు పరిచి, పొత్తులు నిలువుగా పేర్చి, గుప్పెడు ఉప్పు వేసి, పైన మళ్ళీ ఆకులు కప్పి, పెద్ద అల్యూమినియం డేగిసా మూత పెట్టేది. నా గది కిటికీ ఆ పెరటి వైపే. ఉడికే పొత్తుల ఆవిరీ, కట్టెల పొగా కలిసి లోపలికొచ్చేవి. నాకు తెల్లవారడమంటే ఆ వాసనే. అలారం పెట్టుకున్న రోజు గుర్తులేదు.

ఆవిడ అమ్మేది బప్ నెప్. గింజ తెల్లగా, నమిలితే జిగటగా ఉంటుంది. పసుపుపచ్చగా, తియ్యగా ఉండే రకాన్ని బప్ మీ అంటారు, అమెరికా మొక్కజొన్న అని. అదంటే ఆవిడకి గిట్టేది కాదు. ఆవిడ దృష్టిలో అది పిల్లల చిరుతిండి, కడుపుకి పట్టే తిండి కాదు.

ఉడికాక డేగిసాని గోనెపట్టాలో చుట్టి సైకిల్ వెనక కట్టుకుని బయల్దేరేది. 'బప్ నౌ డేయ్...' అని అరుస్తూ వెళ్ళేది. ఉడికించిన మొక్కజొన్న ఇదిగో అని. ఆ చివరి మాటని వీధి మలుపు దాకా సాగదీసేది. ఎత్తు వచ్చినచోట దిగి సైకిల్ నెట్టుకుంటూ నడిచేది. డోంగ్ స్వాయ్‌లో ఎత్తులూ పల్లాలూ ఎక్కువే. ఆ గొంతు వినే ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆడవాళ్ళు డబ్బులు చేత్తో పట్టుకుని నిలబడేవారు. తర్వాత తర్వాత అమ్మేవాళ్ళందరూ అరుపుని రికార్డు చేసి చిన్న స్పీకర్‌లో పెట్టుకున్నారు. రొట్టె అమ్మేవాడిదీ స్పీకరే, పాత సామాన్ల వాడిదీ స్పీకరే. యీ బా మాత్రం ఆఖరిదాకా సొంత గొంతుతోనే అమ్మింది.

ఆ మాట పలకడం మన నోటికి తేలిక కాదు. తెలుగు మాటకి చివర అచ్చు లేకపోతే వెలితి. బస్‌ని బస్సు చేసుకున్నాం, బుక్‌ని బుక్కు చేసుకున్నాం. బప్ అలా కాదు. పెదాలు మూసి, మూసినచోటే ఆపెయ్యాలి. మళ్ళీ తెరవకూడదు. గొంతు మాత్రం కింది నుంచి పైకి లేవాలి. ఆ భాష రాతలో ఆరు స్వరాలుంటాయి, దక్షిణాదివాళ్ళ నోట ఐదే వినిపిస్తాయి. అందులో పైకి లేచే స్వరం బప్‌ది. యీ బా రెండు వేళ్ళతో తన పెదాలు పట్టుకుని మూసి చూపించేది. వాటిని అలా పట్టుకునే నవ్వేది. ఉత్తరాదివాళ్ళు మొక్కజొన్నని ఙో అంటారని చెప్పి, ఆ మాటలో రుచి లేదనేది.

పొత్తులో ఏదీ పారేసేది కాదు. పీచుని రౌ బప్ అంటారు, మొక్కజొన్న గడ్డం అని. దాన్ని చేటలో ఎండబెట్టి, చెరుకుముక్కలూ గడ్డివేళ్ళూ కలిపి కాచి, చల్లార్చి సీసాల్లో పోసేది. ఎండాకాలం గోదాము నుంచి రాగానే ఒక గ్లాసు నా చేతికిచ్చేది. గింజలు ఒలిచాక మిగిలే కండెని కుయ్ బప్ అంటారు. అది పొయ్యిలోకి వెళ్ళేది. ఆవిడ మనవడి ఈడు పిల్లలు పనికిరాని వస్తువుని కుయ్ బప్ అని తిట్టేవాళ్ళు. వాడు తన పాత ఫోన్‌ని అలా అన్నప్పుడల్లా యీ బా వాడి వీపు మీద ఒక్కటి వేసేది. పొయ్యిలో మండి అన్నం ఉడికించేదాన్ని పనికిరానిదంటావా అని.

*

ఒక రాత్రి నాకు కాలు పట్టేసింది. ఆ రోజు కంటైనర్ లోడింగ్, పొద్దున్నుంచీ సిమెంటు నేల మీద నిలబడే ఉన్నాను. నిద్రలో ఎడమకాలు బిగుసుకుపోయి గట్టిగా అరిచాను. యీ బా తలుపు నెట్టుకుని వచ్చేసింది. చేతిలో చిన్న సీసా. అక్కడ ప్రతి ఇంట్లోనూ ఉండే పచ్చనూనె, ఘాటుగా పిప్పరమెంటు వాసన. 'వొప్ బే, వొప్ బే' అంటూ నా కాలు తన ఒళ్ళోకి లాక్కుని, బొటనవేలిని నా వైపు వంచి, వెనక కండని రెండు చేతులతో పిండడం మొదలుపెట్టింది. నొప్పి దిగుతుండగా ఆ కండని తట్టి 'బప్ చన్' అంది. చన్ అంటే కాలు అని నాకప్పటికే తెలుసు. బప్ అంటే మొక్కజొన్న అని కూడా తెలుసు. కాలి మొక్కజొన్న!

పొద్దున్నే పొయ్యి దగ్గర ఒక పొత్తు నా చేతిలో పెట్టింది. తర్వాత పైజామా మోకాలి దాకా లాగి తన కాలు చూపించింది. ఏళ్ళ తరబడి సైకిల్ నెట్టిన కాలు. వెనక కండ పైన సన్నగా మొదలై, మధ్యలో ఉబ్బి, మడమ దగ్గరికి మళ్ళీ సన్నబడి, రాయంత గట్టిగా ఉంది. ఆ ఆకారం బప్. దేనికి ఆ ఆకారం ఉంటే దానికి ఆ పేరు. చేయి మడిచి జబ్బ చూపించి 'బప్ తయ్' అంది.

ఆ వారం అమ్మకి ఫోన్ చేసి కాలు పట్టేసిన సంగతి చెప్పాను. 'పిక్క పట్టీసినట్టుంది నాయనా, నువ్వులనూనె రాసుకో' అంది అమ్మ. పిక్క! మా ఇంట్లో పిక్క అంటే గింజ. జీడిపిక్క, చింతపిక్క, పనసపిక్క. పిక్కలు ఎండబెట్టాలి, పిక్కలు తూకం వెయ్యాలి, పిక్కల డబ్బులు రావాలి, ఇంట్లో ఎప్పుడూ అవే మాటలు. కాలి వెనక కండ కూడా పిక్కే. పిక్కబలం ఉన్నవాడు అంటాం. పుట్టినప్పటి నుంచీ నోట్లో నానిన మాట. సముద్రం అవతల ఒక మొక్కజొన్నలావిడ నా కాలు ఒళ్ళో పెట్టుకుంటే గానీ ఆ రెండు పిక్కల్నీ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు.

మర్నాడు గోదాము నుంచి ఒక జీడిపిక్క జేబులో వేసుకొచ్చి ఆవిడ అరచేతిలో పెట్టాను. 'పిక్క' అన్నాను. నా కాలు చూపించి మళ్ళీ 'పిక్క' అన్నాను. ఒక్క క్షణం చూసి, అర్థమై, పగలబడి నవ్వింది. వీధిలోకి వెళ్ళి పక్కింటివాళ్ళందరికీ చెప్పింది. వీళ్ళ దేశంలో కాలికి జీడిగింజ ఉంటుందట అని. ఆ తర్వాత ఆ వీధి పిల్లలు నన్ను చూస్తే 'పిక్కా' అని అరిచేవాళ్ళు. ఆ క్కని ఒత్తి మరీ.

*

జీడిపిక్క కొయ్యడం అంటే తెలియనివాళ్ళకి చెప్పాలి. పిక్క తొక్కలో ఉండే జీడినూనె చర్మం మీద పడితే పుండవుతుంది. మా అమ్మమ్మ కాలంలో పిక్కల్ని బట్టీలో కాల్చి, కర్రతో కొట్టి, పప్పు తీసేవారు. చేతులకి బూడిద రాసుకుని కూర్చునేవారు. ఎంత రాసుకున్నా వేళ్ళు నల్లబడేవి. అమ్మమ్మ చేతివేళ్ళ గీతలు చెరిగిపోయి నున్నగా ఉండేవి. ఆ చేతులతోనే మాకు అన్నం ముద్దలు పెట్టింది.

తర్వాత కాలితో తొక్కే మిషన్లు వచ్చాయి. నేను వెళ్ళిన కొత్తలో డోంగ్ స్వాయ్ చుట్టుపక్కల షెడ్లలో ఎక్కువగా అవే ఉండేవి. ఆవిరిలో ఉడికించిన పిక్కని రెండు వంపు కత్తుల మధ్య పెట్టాలి. కాలితో పెడల్ తొక్కితే కత్తులు దగ్గరికొచ్చి తొక్కని చీలుస్తాయి. చేతిపిడి కదిపితే తొక్క విడిపోతుంది. లోపలి గుండు విరగకూడదు. గుండు విరిగి బద్దయితే ధర పడిపోతుంది. ఒక్కో మిషన్ ముందు ఒక్కో ఆడమనిషి. పిక్క పెట్టు, తొక్కు, విప్పు. టక్, టక్, టక్. షెడ్డు నిండా అదే చప్పుడు, ఎప్పుడూ ఒక లయలో కాదు, వాన మొదలైనట్టు అక్కడొకటి ఇక్కడొకటి మొదలై అంతా కలిసిపోయేది. రోజంతా కుడికాలే తొక్కుతుంది. ఎన్నో ఏళ్ళు చేసినవాళ్ళకి కుడి పిక్క ఎడమదానికన్నా లావుగా ఉంటుందని వాళ్ళే చెప్పేవారు. పిక్కతో పిక్కని కోసే పని. ఈ ముక్క తెలుగులో ఎవరికైనా చెప్పాలని అప్పుడు ఎంత తపించానో! చుట్టూ తెలుగు వినేవాళ్ళు ఒక్కరూ లేరు.

పప్పు మీది సన్నటి పొట్టుని వాళ్ళు 'వో లువా' అంటారు, పట్టు తొక్క అని. ఆ పొట్టు తీసే పని చాలామంది ఇళ్ళకి తెచ్చుకునేవారు. సాయంత్రం అరుగుల మీద తల్లీ, కూతుళ్ళూ, ముసలివాళ్ళూ చిన్న కత్తులతో కూర్చుని, టీవీ చూస్తూ గీకుతూ ఉండేవారు. యీ బా పెద్దకూతురూ తెచ్చేది. నేనూ కూర్చునేవాణ్ణి. మా ఊళ్ళో అరుగు మీద కూర్చున్నట్టే ఉండేది. కబుర్లు కూడా అవే. ఎవరి పెళ్ళి కుదిరింది, ఎవరి తోటకి తెగులు పట్టింది, పిక్క ధర ఎంత పలికింది.

బస్తాలు మోసే కుర్రాళ్ళది ఇంకో బప్. 80 కిలోల గోనె బస్తా భుజానికెత్తుకుని పలక మీద నడుచుకుంటూ లారీ ఎక్కేవారు. ఆఫ్రికా నుంచి ఓడల్లో వచ్చిన పిక్కలు, కంబోడియా సరిహద్దు దాటి వచ్చిన పిక్కలు, అన్నీ వాళ్ళ భుజాల మీదుగానే గోదాము చేరేవి. మధ్యాహ్నం చెట్ల మధ్య ఉయ్యాలలు కట్టుకుని పడుకునేవారు. లేవగానే ఒకడి జబ్బ ఒకడు నొక్కి చూసుకుని బప్ తయ్ ఎవడిది పెద్దదని పందాలు. యీ బా సైకిల్ ఆగితే ముందు వాళ్ళే మూగేవారు. 'బప్ తింటేనే బప్ వస్తుంది' అని ఆవిడ అమ్మేది. ఆ మాట అన్న ప్రతిసారీ వాళ్ళు కొత్తగా విన్నట్టు నవ్వేవారు.

*

ఆదివారం పొద్దున ఆవిడతో సంతకి వెళ్ళేవాణ్ణి. సంచీ మోయడానికని వంక. అసలు ఆవిడ బేరం ఆడుతుంటే వినడం నాకు ఇష్టం. కూరగాయల దగ్గర క్యాబేజీ పట్టుకుని 'బప్ కాయ్' అనేది. తెలుగు చెవికి అది కాయలాగే వినిపిస్తుంది. వాళ్ళ కాయ్ అంటే ఆవజాతి ఆకుకూర. ఇంకాస్త ముందుకెళ్తే 'బప్ చువోయ్', అరటిపువ్వు. ఆ పక్కన మాంసం కొట్టులో వేలాడే కాలి కండ 'బప్ బో', ఫో అనే వాళ్ళ నూడుల్స్ పులుసులో పల్చగా కోసి వేస్తారు. నేను తినను గనక ఆవిడ ఆ కొట్టుకి నన్ను దూరంగా నిలబెట్టి వెళ్ళొచ్చేది. అడిగితే నొచ్చుకుంటాననుకునేదేమో, ఒక్కసారి కూడా తినమని బలవంతం చేయలేదు.

అరటిపువ్వు దగ్గర మాత్రం మా ఇద్దరికీ వాదన. మా అమ్మ పైరేకులు తీసేసి, లోపలి పూలు ఒక్కొక్కటీ విప్పి, గట్టి కేసరాన్నీ పొరనీ తీసి పారేసి, తరిగి మజ్జిగలో వేసి, ఆవ పెట్టి కూర చేస్తుంది. ఒక పూట పని. యీ బా మొత్తం పువ్వునే సన్నటి దారాలుగా తరిగి, నిమ్మరసం పిండిన నీళ్ళలో వేసేది. నల్లబడకుండా. పిండేసి, వేరుశెనగలు, పుదీనా, మిరపకాయ కలిపి పచ్చిదే తినిపించేది. నా కోసం చేపల్ని ఉప్పులో ఊరబెట్టి తీసే రసం తగ్గించి నిమ్మకాయ పెంచేది. ఆవ పెట్టిన కూర ఒకసారి నేనూ వండి పెట్టాను. ముక్కు పట్టుకుని, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ వడ్డించుకుంది.

ఆవిడ నోట కాలి పిక్కని ఉత్త బప్ చన్ అనే కాకుండా బప్ చువోయ్ అనడం కూడా విన్నాను. అరటిపువ్వు ఆకారం గుర్తు చేసుకోండి. ఎంత సరిగ్గా సరిపోతుందో!

*

మనవడికి బడిలో శరీర భాగాల పాఠం వచ్చినప్పుడు రాత్రి గట్టిగా చదివేవాడు. వాడితోపాటు నేనూ నేర్చుకున్నాను. ఊపిరితిత్తికి 'లా ఫోయ్'. లా అంటే ఆకు. ప్లీహం కూడా ఆకే, 'లా లాక్'. గుండె 'చాయ్ తీమ్', అందులో చాయ్ అంటే కాయ, పండు. అరటిగెలని 'బువోంగ్' అంటారు, ఆడవాళ్ళ అండాశయానికీ అదే బువోంగ్. గొంతునాళానికి వాడే మాటలో పండు తొడిమ ఉంది. ఆ పుస్తకంలో మనిషి బొమ్మ చూస్తే నాకు చెట్టు బొమ్మే కనిపించేది.

చాయ్ తీమ్ అనగానే మా ఇంటి మాటలు గుర్తొచ్చాయి. గుండెకాయ, తలకాయ, మెడకాయ. మనం కూడా ఒంటిమీద కాయలు కాయించుకున్నవాళ్ళమే. మొక్కజొన్న కండె, ఒంట్లో కండ ఎంత దగ్గరగా వినిపిస్తాయో. చెట్టూ చేమా మధ్య బతికినవాళ్ళు ఒంటికి పేర్లు పెట్టుకోవాలంటే ఇంకెక్కడికి వెళ్తారు?

ఇంకో సంగతి నాకు అప్పుడే తట్టింది. మొక్కజొన్నా, జీడీ రెండూ అమెరికా ఖండం నుంచి సముద్రాలు దాటి వచ్చిన పంటలు. ఇక్కడా కొత్తవే, అక్కడా కొత్తవే. వచ్చినప్పుడు ఎవరి వాడకంలో ఉన్న పాత మాటలు వాళ్ళు తీసి ఇచ్చారు. మనవాళ్ళు మొక్కజొన్నకి జొన్న పేరు ఇచ్చారు. తొక్కలో ఒళ్ళు కాల్చే నూనె ఉన్న గింజకి, అలాంటి నూనే ఉన్న నల్లజీడి పేరు ఇచ్చి, చెట్టు మామిడిని పోలి ఉందని జీడిమామిడి అన్నారు. ఆ దక్షిణాదివాళ్ళు మాత్రం మొక్కజొన్నకి తమ ఒంటి కండ పేరే ఇచ్చుకున్నారు. కండ మనిషి పుట్టినప్పుడే ఉంది, పొత్తు ఆ తర్వాతెప్పుడో ఓడ దిగింది. అందుకే ఆ పేరు ఒంటిమీద నుంచే పొత్తుకి వెళ్ళిందని నా నమ్మకం.

*

ఇప్పుడు ఆ షెడ్లలో పెడల్ చప్పుడు లేదు. పిక్కలు వాటంతటవే కోసే మిషన్లు వచ్చాయి, పప్పు రంగు కెమెరాలే చూసి వేరు చేస్తున్నాయి. 2025 జులైలో బిన్ ఫూక్‌ని డోంగ్ నాయ్‌లో కలిపేశారు. ఉత్తరాల మీద రాసుకున్న ప్రావిన్స్ పేరు అలా పోయింది.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు నేను ఇంటికి వచ్చేసి ఉన్నాను. కొబ్బరిచెట్లు విరిగి, జీడిచెట్లు వేళ్ళతో సహా పైకి లేచి పడ్డాయి. తాత నాటిన తోటలో నిలబడితే ఆకాశం తప్ప ఏమీ లేదు. కరెంటు వచ్చాక ఫోన్ తెరిస్తే యీ బా కూతురి మెసేజ్‌లు. వాళ్ళ అమ్మ మాటలు రాసింది. చెట్లు ఎన్ని పోయాయి? మీ అమ్మ ఎలా ఉంది? కొత్త మొక్కలు కాపుకొచ్చేదాకా అక్కడికి వచ్చి పనిచేసుకోమను, గది ఖాళీగానే ఉంచానని చెప్పు. అప్పటికి పలకరించడానికి వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. చెట్లు ఎన్ని అని అడిగింది ఆవిడొక్కతే.

ఆఖరిసారి వెళ్ళినప్పుడు ఆవిడ అమ్మకం మానేసింది. మోకాళ్ళు అరిగిపోయాయి. ముందుగదిలో ఉయ్యాలలో పడుకుని ఉంది. నన్ను చూసి లేచి కూర్చుని, అన్నిటికన్నా ముందు వంగి నా కాలి పిక్కని పట్టుకుని నొక్కి చూసింది. 'చిక్కిపోయాడు బిడ్డ' అని తేల్చేసి, మనవణ్ణి మొక్కజొన్న తెమ్మని తరిమింది. వాడు మోటార్‌సైకిల్ మీద వెళ్ళి, దగ్గర్లో దొరికిందని పసుపుపచ్చ బప్ మీ తెచ్చాడు. సంచీ తెరిచి చూసి మండిపడింది. దీంతో కండ పడుతుందా, వెళ్ళి బప్ నెప్ తీసుకురా అని మళ్ళీ పంపింది. వాడు గొణుక్కుంటూ బండి తిప్పుతుంటే ఉయ్యాలలోంచే వెనక నుంచి కేకేసింది. 'మూడు కాదు, ఆరు తే! వీడు ఊరికి పట్టుకెళ్ళాలి.'